హోదా, అంతస్తు, దర్జా: నిఘంటు సంపాదకులకు బహిరంగ లేఖ

ఇంటర్నెట్‌లో తెలుగు నిఘంటువులు నడుపుతున్న సంపాదకులకు, వాటికి కొత్త ఆరోపాలు (ఒక్కో మాటకు నిఘంటువులో ఇచ్చే పద్దులు) రాస్తున్న మిత్రులకు నమస్కారం.

‘హోదా’ అని కొట్టి వెతికితే ఇప్పుడు చాలాచోట్ల ఎదురయ్యే అర్థం ఒక వరస: పదవి, స్థితి, దశ, అంతస్తు, గౌరవం, దర్జా. ఈ వరసను నమ్మి వాక్యం రాయబోతే ‘కేబినెట్ దర్జా దక్కింది’, ‘రాష్ట్రానికి ప్రత్యేక అంతస్తు ఇవ్వాలి’, ‘ముఖ్యమంత్రి గౌరవంలో తొలిసారి జిల్లాకు వచ్చారు’ లాంటివి పుడతాయి. తెలుగు మాట్లాడే వాళ్లెవరూ ఇలా అనరు. భాష కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు మాత్రం అంటారు, ఎందుకంటే వాళ్లకు మీరే దిక్కు. అనువాద యంత్రాలు కూడా మీ జాబితాలనే మేస్తున్నాయి.

ఈ తప్పు ఎక్కడ పుట్టిందో చూస్తే తెలిసిపోతుంది. ఇంగ్లీషు–తెలుగు జాబితాలో ‘స్టేటస్’ కింద ఉన్న మాటలన్నిటినీ తిరగేసి, ఒక్కొక్కదాన్నీ తలమాటగా పెట్టి, మిగిలినవాటిని దాని అర్థాలుగా పోశారు. పని తొందరగా తెమిలింది. కానీ ఒక ఇంగ్లీషు మాట నీడలో నిలబడ్డంత మాత్రాన ఆరు తెలుగు మాటలు పర్యాయపదాలైపోవు. హోదాకూ, దాని చుట్టపక్కాలకూ ఆరోపాలు తిరగరాయాలని ఈ లేఖలో అడుగుతున్నాం. ఎలా రాయాలో కూడా చెబుతాం.

ముందు హోదానే తీసుకుందాం. ఈ మాటకు అర్థాలు ఎన్నో తేల్చాలంటే దాని పక్కన ఏ మాటలు వస్తున్నాయో చూడాలి. కనీసం రెండు వందల వాక్యాలు పోగు చేయండి. వాటిని ఒకసారి హోదాకు ఎడమన ఉన్న మాటను బట్టి, ఇంకోసారి కుడిన ఉన్న విభక్తిని, క్రియను బట్టి అకారాదిగా పేర్చండి. అర్థాలు వాటంతటవే విడిపోతాయి. ‘డీఎస్పీ హోదా అధికారి’ అన్నప్పుడు ఎడమన ఉద్యోగం పేరు, కుడిన మనిషి. ఇది కొలువులో వరస. ‘అధ్యక్షుడి హోదాలో సంతకం చేశారు’ అన్నప్పుడు ‘లో’ తప్పనిసరి. అక్కడ హోదా అంటే ఆ మనిషి ఏ పాత్రలో ఆ పని చేశాడన్నది మాత్రమే, గొప్పతనంతో సంబంధం లేదు. ‘సాక్షి హోదాలో’ అని కూడా రాస్తారు కదా. ‘కేబినెట్ హోదా కల్పించారు’, ‘రాష్ట్ర హోదా’, ‘ప్రాచీన భాష హోదా’ అన్నచోట కుడిన ఇచ్చు, కల్పించు, దక్కు, రద్దు చేయు లాంటి క్రియలు ఉంటాయి. ఇది ఒక అధికారం ప్రకటించి ఇచ్చే స్థానం. తెలుగుకు 2008లో వచ్చింది ఈ రకం హోదా. ‘వాళ్ల హోదాకు తగ్గ సంబంధం’ అన్నచోట ‘కు తగ్గ’, ‘కు తగని’ వస్తాయి. సంఘంలో స్థానం అనే అర్థం ఇక్కడ ఒక్కచోటే. దీన్నే మొదటి అర్థంగా, చాలాసార్లు ఏకైక అర్థంగా పెట్టడం మీ నిఘంటువుల్లో కనిపిస్తున్న పెద్ద లోపం.

ఇంకొకటి ఉంది, అది ఒక్క చోటిది, ఒక్క కాలానిది. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధానమంత్రి చేసిన ప్రకటన తరవాత ఆంధ్రప్రదేశ్‌లో విశేషణమేదీ లేని ఉత్తి ‘హోదా’కు ‘ప్రత్యేక కేటగిరీ హోదా’ అనే అర్థం స్థిరపడింది. హోదా ఉద్యమం, హోదా సాధన, హోదా బదులు ప్యాకేజీ అన్న మాటలు విజయవాడలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఈ అర్థాన్ని ‘ఆం.ప్ర., 2014 నుంచి’ అనే గుర్తుతో విడిగా ఇవ్వాలి. వార్తల్లో మాట కదా, నాలుగు రోజుల్లో పోతుందని వదిలేయకండి. అది పోయిన తరవాతే పాఠకుడు నిఘంటువు తెరుస్తాడు.

పాత అర్థం ఒకటి అడుగున ఉంది: ఉద్యోగం, కొలువు. తెలుగులో ఆ అర్థం ‘హుద్దా’, ‘హుద్దేదారు’ రూపాల్లో నిలిచింది. కన్నడిగులు ఇవాళ్టికీ ఉద్యోగాన్ని ‘హుద్దె’ అంటారు, మరాఠీవాళ్లు ‘హుద్దా’ అంటారు. కాబట్టి హుద్దా, హోదా రెండూ ఒకే ఆరోపం కింద రూపాంతరాలుగా రావాలి. విడివిడిగా పెట్టి ‘చూ.’ (ఫలానా మాట చూడండి) అని వదిలేస్తే చరిత్ర తెగిపోతుంది.

ఇక పుట్టుక సంగతి. మాట మూలం అరబీ ‘ఉహ్దా’. మొదటి అక్షరం ఐన్, తరవాత హే, తరవాత దాల్. ఒప్పందం, ఇచ్చిన మాట అనే అర్థమున్న ‘అహ్ద్’ దీనికి తోబుట్టువు. అరబీలో ఉహ్దా అంటే మీద వేసుకున్న బాధ్యత, పూచీ. ఫార్సీ మీదుగా ఉర్దూకు వచ్చేసరికి ‘ఒహ్దా’ అయి, బాధ్యతతో పాటు ఆ బాధ్యత అప్పగించిన కొలువు అనే అర్థమూ వచ్చింది. ఉర్దూలో ‘ఒహ్దా బరా హోనా’ అంటే ఇప్పటికీ తన మీదున్న పని నెరవేర్చుకోవడమే. కొలువు నుంచి కొలువులో వరస, ఆ వరస నుంచి సంఘంలో వరస. తెలుగులో చివరి మెట్టు బలపడి మొదటి మెట్టు మరుగున పడింది.

ఒహ్దా హోదా ఎలా అయిందన్నది ఆరోపంలో ఒక్క వాక్యంలోనైనా చెప్పాలి, లేకపోతే పాఠకుడు నమ్మడు. మాట నడుమ హకారం కింద ఇంకో హల్లు వస్తే తెలుగు నోరు తడబడుతుంది. ‘చిహ్నం’ చాలామంది నోట ‘చిన్హం’ అవుతుంది, ‘బ్రహ్మ’ ‘బ్రమ్హ’ అవుతుంది. హకారం చోటు మార్చుకుంటుంది. ఉహ్దాలో అది ఏకంగా మాట మొదటికి గెంతింది. ఖాళీ అయిన చోటును ఒక రూపంలో ద్విత్వం నింపింది (హుద్దా), ఇంకో రూపంలో దీర్ఘం నింపింది (హోదా). ఇదే చిక్కును ‘తరహా’ వేరే దారిలో దాటింది: అరబీ ‘తర్హ్’లో రేఫకూ హకారానికీ మధ్య అచ్చు చేరింది. రెండు ఉదాహరణలూ పక్కపక్కన చూపిస్తే పాఠకుడికి ధ్వని సూత్రం అర్థమవుతుంది.

దీనితో ఒక కట్టుకథకు కూడా తెరపడుతుంది. ఏనుగు మీద కట్టే ‘హౌదా’ నుంచి హోదా వచ్చిందని, అంబారీ ఎక్కినవాడే గొప్పవాడు కాబట్టి ఆ పేరు నిలిచిందని చెప్పేవాళ్లున్నారు. వినడానికి బాగుంటుంది, అందుకే వ్యాపిస్తుంది. హౌదా మూలం అరబీ ‘హౌదజ్’, ఒంటె మీద కట్టే డోలీ. అందులో హే, వావ్, దాల్, జీమ్. ఐన్ లేనేలేదు. పైగా కన్నడ, మరాఠీ రూపాల్లో ‘ఔ’ జాడ లేదు, ‘ఏనుగు’ జాడ అంతకన్నా లేదు, ఉన్నదల్లా ఉద్యోగమే. రెండు ఆరోపాలూ పక్కపక్కనే వస్తాయి కాబట్టి రెండింట్లోనూ ‘సంబంధం లేదు’ అని రాయండి. పుకారును కొట్టేయడం కూడా నిఘంటువు పనే.

వ్యుత్పత్తి రాసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ధ్వని మార్పుకు ఇదే భాషలో ఇంకో ఉదాహరణ ఉందా? మాట ఏ దారిన, ఏ కచేరీ (సర్కారు ఆఫీసు) గుండా వచ్చింది? అర్థం ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు మారినట్టు ప్రయోగాలున్నాయా? మూడింటికీ జవాబు ఉంటే నిశ్చయంగా రాయండి. రెండింటికే ఉంటే ప్రశ్నార్థకం పెట్టండి. ఒక్కదానికే ఉంటే వదిలేయండి. ఆరోపంలో ఖాళీ ఉంటే నష్టం లేదు. తప్పుడు వ్యుత్పత్తి ఒకసారి కాపీ అయితే ఇక దాన్ని పట్టలేం.

పాత ప్రయోగాల కోసం కావ్యాలు తిరగేసి లాభం లేదు. బ్రౌను తెలుగులో కలిసిన అన్యదేశ్యాలను (పరాయి భాషల మాటలను) 1854లో విడి పుస్తకంగా అచ్చు వేయించాడు. 1885 నాటి శబ్దరత్నాకరం నిఘంటువు కావ్య ప్రయోగాల మీద నిలబడింది. ఈ రెండో దారిలో వెళ్లిన సంప్రదాయమంతా కచేరీ మాటను గుమ్మం బయటే నిలబెట్టింది. హోదా, దర్జా లాంటివి దొరికేది దస్తావేజుల్లో, అర్జీల్లో, రెవెన్యూ ఉత్తర్వుల్లో, మెకంజీ సేకరించిన కైఫీయతుల్లో (ఊళ్ల చరిత్ర రాతల్లో). గోలకొండ కాలం నుంచి ఫార్సీ కచేరీ భాషగా ఉండేది. కుంఫిణీ దొరలు వచ్చాక కూడా తహసీల్దారు, సిరస్తాదారు, జమాబందీ అలాగే నడిచాయి. కాబట్టి ఈ మాటలకు ‘ఉర్దూ’ అని ఒక్క గుర్తు సరిపోదు. ‘అరబీ > ఫార్సీ > ఉర్దూ, కచేరీ ద్వారా’ అని దారి మొత్తం ఇవ్వండి.

దర్జా ఈ దారిలో వచ్చిన మాటల్లో చాలా ఆసక్తికరమైనది. అరబీ ‘దరజ’ అంటే మెట్టు. అందులోంచే అంచె, తరగతి, కొలతలో డిగ్రీ. హిందీలో ‘దర్జా’కు ఆ అర్థం చెక్కుచెదరలేదు. మనం ‘ప్రత్యేక హోదా’ అంటున్నదాన్ని హిందీ పత్రికలు ‘విశేష్ రాజ్య్ కా దర్జా’ అని రాస్తాయి. తెలుగులో మాత్రం దర్జా మెట్టును వదిలేసి, మెట్టెక్కినవాడి వాలకాన్ని పట్టుకుంది. ‘దర్జాగా కూర్చున్నాడు’, ‘దర్జా ఒలకబోస్తున్నాడు’. దర్జాకు పదవి అక్కర్లేదు, డబ్బూ అక్కర్లేదు, కూర్చునే తీరు చాలు. కాబట్టి హోదాకు అర్థంగా దర్జా ఇవ్వడం తప్పు, దర్జాకు అర్థంగా హోదా ఇవ్వడం ఇంకా పెద్ద తప్పు. పక్క ఆరోపం ‘దర్జీ’తో కూడా దీన్ని కలపకండి. అది ఫార్సీ ‘దర్జ్’, అంటే కుట్టు, అన్న మాట నుంచి వచ్చింది. ఫార్సీలో అక్కడున్నది ‘జ’ కాదు, ఇంగ్లీషు ‘జెడ్’ లాంటి ధ్వని. తెలుగులో రెండూ ఒకే లిపిలో పడేసరికి అన్నదమ్ముల్లా కనిపిస్తున్నాయి.

ప్రతిపత్తి గురించి ఒక్క మాట. జమ్మూ కశ్మీర్‌కు 370వ అధికరణం కింద ఉన్నదాన్ని తెలుగు పత్రికలు ఎక్కువగా ‘ప్రత్యేక ప్రతిపత్తి’ అన్నాయి, ఆంధ్రప్రదేశ్ అడిగినదాన్ని ‘ప్రత్యేక హోదా’ అన్నాయి. మొదటిది రాజ్యాంగం కింద 2019 దాకా అమల్లో ఉన్న ఏర్పాటు, రెండోది కేంద్ర నిధుల లెక్కకు సంబంధించిన వర్గీకరణ. స్వయంప్రతిపత్తిని ‘స్వయంహోదా’ అనలేం. ఈ తేడా వాడుకలో దానంతటదే వచ్చింది, ఏ కమిటీ చెప్పలేదు. దాన్ని నమోదు చేయడం మీ వంతు.

అంతస్తు దగ్గర పని కొంచెం కష్టం. ఇక్కడే పోగు చేసేవాళ్లు ఎక్కువగా బోల్తా పడతారు. ‘అంతస్తు’ అని వెతికితే సగం వాక్యాలు జారిపోతాయి. సంఖ్య పక్కన సంధి జరిగి మొదటి అకారం మాయమవుతుంది కదా: రెండంతస్తులు, నాలుగంతస్తులు, ఆరంతస్తులు. పైగా ‘అంతస్థు’ అని ఒత్తుతో రాసేవాళ్లు బోలెడుమంది. కాబట్టి వెతకాల్సిన ముక్క ‘ంతస్’. సున్న, త, స, దాని కింద పొల్లు. స కింద పొల్లు ఉంది కాబట్టి ‘సంతసం’ వలలో పడదు. అంతస్సూత్రం, అంతస్థాలు పడతాయి, వాటిని చేత్తో ఏరేయాలి. యూనికోడ్‌లో కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్‌జాయినర్ ఒకటుంది. దాన్ని ముందే పాఠం నుంచి తీసేయండి. లేకపోతే ‘దర్జా’ ఒకటి, ‘దర్‌జా’ ఒకటిగా లెక్క రెండుగా చీలుతుంది.

పోగైన వాక్యాల్లో మేడ అంతస్తులే ఎక్కువ. ఎడమన సంఖ్య ఉన్నా, ‘బహుళ’, ‘పై’, ‘కింది’ ఉన్నా అది భవనం. ఎడమన ‘ఆస్తి’ ఉన్నా, కుడిన ‘కు తగ్గ’, ‘కు తూగు’ ఉన్నా అది మనిషి. ఈ రెండు జల్లెళ్లతో చాలా మటుకు విడిపోతాయి. మనిషి అంతస్తు ఒంటరిగా తక్కువ తిరుగుతుంది, ‘ఆస్తి–అంతస్తు’ అని జంటగా తిరుగుతుంది. వాడేది ఎక్కువగా పెళ్లి మాటల దగ్గర. హోదా ఒక మనిషికి ఉద్యోగంతో రావచ్చు, ఉద్యోగంతో పోవచ్చు. అంతస్తు ఇంటికి ఉంటుంది, తరం నుంచి తరానికి నడుస్తుంది. రిటైరైన కలెక్టరుకు హోదా పోయిందంటాం, అంతస్తు పోయిందనం. ఈ ఒక్క జత వాక్యాలు ఆరోపంలో పెడితే పది పర్యాయపదాలు పెట్టినదానికంటే మేలు.

దీని వ్యుత్పత్తిగా సంస్కృత ‘అంతఃస్థ’ను చూపడం మామూలు. లోపల ఉన్నది అని అర్థం. య, ర, ల, వలను అంతస్థాలనడం అందరికీ తెలిసిందే. ధ్వని సరిపోతుంది. కానీ ‘లోపలిది’ మేడలో ఒక వరస ఎలా అయింది, ఆ వరస మనిషి మెట్టు ఎలా అయింది అన్నదానికి ప్రయోగాలు పేర్చకుండా నిశ్చయంగా రాయకూడదు. పైన చెప్పిన మూడు ప్రశ్నల ప్రకారం దీనికి ప్రశ్నార్థకం పెట్టాలి. ‘అంతరం’ నుంచి వచ్చిందని ఊహించి రాస్తున్న ఆరోపాలను మాత్రం తీసేయండి. రేఫ ఎటు పోయిందో, స్తు ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లు చెప్పరు.

పరపతి, పలుకుబడిలను కలిపి ‘ఇన్‌ఫ్లుయెన్స్’ అని ఒక్క దెబ్బకు తేల్చేశారు. ‘సహకార పరపతి సంఘం’లో పరపతి అంటే అప్పు దొరికే నమ్మకం. రిజర్వు బ్యాంకు ‘పరపతి విధానం’ వార్తల్లో కూడా అంతే. పలుకుబడికి ఆ ఆర్థిక అర్థం లేదు. దానికి ఇంకో వైపు ఉంది: ‘తెలుగు పలుకుబడి’ అంటే నుడికారం. రాబడి, దిగుబడి, పెట్టుబడి, చెల్లుబడి లాగానే ఇదీ క్రియ మీద ‘బడి’ చేరిన అచ్చ తెలుగు మాట. పలికిన మాట చెల్లుతుంది కాబట్టి మనిషికి పలుకుబడి. రెండు వాక్యాల్లో అయిపోయే పని, చేయండి.

ఇప్పుడు కొంచెం ఇబ్బందికరమైన సంగతి. మనిషి మెట్టు చెప్పే మాటలకు ‘ఎవరు, ఎవరిని, ఎక్కడ’ అనే గుర్తు లేకపోతే ఆరోపం సగమే. ‘దొర’ చూడండి. తెలంగాణ పల్లెలో అది గడీలో ఉన్న భూస్వామి, ఆ పిలుపు వెనక వెట్టిచాకిరీ ఉంది. కోస్తాలో ఒక కాలంలో తెల్ల అధికారి. ఉత్తరాంధ్ర ఏజెన్సీలో ‘కొండదొర’ ఒక షెడ్యూల్డు తెగ పేరు. మూడింటికీ కలిపి ‘ప్రభువు, యజమాని’ అని రాస్తే మూడింటినీ పోగొట్టినట్టే. ‘పెద్దమనిషి’ కూడా ఇంతే. తగాదా ‘పెద్దమనుషుల్లో పెట్టడం’ ఊరి తీర్పు. 1956 ఫిబ్రవరి 20 నాటి ‘పెద్దమనుషుల ఒప్పందం’ ఇంగ్లీషు జెంటిల్మన్‌కు తెలుగు వేషం. (తారీఖు రాజ్యసభ ప్రకటనతో కలవడం కాకతాళీయమే.) ‘పెద్దమనిషి అయింది’ అంటే ఆడపిల్ల ఈడేరడం. ఈ మూడో అర్థాన్ని చాలా నిఘంటువులు సిగ్గుపడి వదిలేస్తున్నాయి. ‘ఇజ్జత్ తీసిండు’ తెలంగాణలో రోజూ వినే మాట. దానికి ‘ఉర్దూ’ అని గుర్తు పెట్టి బయటకు నెడుతున్నారు, అదే అరబీ నుంచి వచ్చిన హోదాకు మాత్రం గుర్తే పెట్టడం లేదు. ఒకే కొలతబద్ద వాడండి.

ఉదాహరణ వాక్యాలు కూడా జల్లెడ పట్టాలి. ‘మర్యాదస్తుడు’ కింద ‘మంచి కులంలో పుట్టినవాడు’, ‘ఉన్నత’ కింద ‘ఉన్నత కులం’ అని రాస్తే, అది వాడుకను నమోదు చేయడం అనిపించుకోదు, సంపాదకుడి ఓటు అనిపించుకుంటుంది. అలాంటి ప్రయోగం పాత గ్రంథంలో ఉంటే కాలం చెప్పి, ఉల్లేఖనంగా ఇవ్వండి. నిర్వచనంలోకి రానివ్వకండి. ‘కులీనుడు’, ‘ఆభిజాత్యం’ మాటల్లో పుట్టుక అనే అర్థం మూలంలోనే ఉంది, అక్కడ దాచడానికి లేదు. (రెండో మాటకు మొదట దీర్ఘం ఉండాలి. ‘అభిజాత్యం’ అని సగం చోట్ల తప్పు పడి ఉంది.) కానీ మర్యాద మూలార్థం హద్దు, పదవి మూలార్థం నడిచే దారి. వాటిలో కులం లేదు, పోయకండి.

‘స్టేటస్’ను తలమాటగా పెట్టండి. ఫోన్లో పెట్టే స్టేటస్, ‘అప్లికేషన్ స్టేటస్’, ‘మా స్టేటస్‌కు తగినట్టు’ అన్నవి మూడు వేరు అర్థాలు. మూడోది పెళ్లి మాటల్లో అంతస్తు చోటును మెల్లగా తినేస్తోంది. లాటిన్‌లో నిలబడడం అనే ధాతువు నుంచి వచ్చిన మాట అది. మన స్థితి, స్థాయి, ప్రతిష్ఠల్లో ఉన్న ‘స్థా’ ధాతువు దానికి దూరపు చుట్టం. ‘స్థితిమంతుడు’ అంటే ఉన్నవాడని అర్థం తీయడం మాత్రం మన సొంతం.

పని ఎక్కడ మొదలుపెట్టాలో అడుగుతారేమో. హోదా, హౌదా, దర్జా, అంతస్తు: ఈ నాలుగూ ముందు. ఒక్కో అర్థానికి మూడు ఉల్లేఖనాలు చాలు, కానీ మూడూ ఒకే పత్రిక నుంచి, ఒకే దశాబ్దం నుంచి రాకూడదు. ఒకటి తెలంగాణది, ఒకటి కోస్తాది, ఒకటి రాయలసీమది అయితే ఇంకా మంచిది. అర్థాలను సంఖ్యలతో విడగొట్టండి. ప్రతి అర్థం పక్కన దానికి తప్పనిసరైన విభక్తినో క్రియనో బ్రాకెట్లో ఇవ్వండి: (–లో), (–కు తగ్గ), (కల్పించు). పర్యాయపదం ఇస్తే దాన్ని ఉదాహరణ వాక్యంలో పెట్టి చదివి చూడండి, నోటికి పలక్కపోతే కొట్టేయండి. పాత పేజీని చెరిపేయకుండా మార్పు తేదీ కింద ఉంచండి, కాపీ చేసుకున్నవాళ్లు సరిచూసుకోగలుగుతారు. తిరగేసిన జాబితా నుంచి వచ్చి ఇంకా ఎవరూ చూడని ఆరోపాల మీద ‘పరిశీలించలేదు’ అని ఎర్ర గుర్తు ఈ వారంలోనే పెట్టవచ్చు. దానికి సంపాదకులు కూడా అక్కర్లేదు, ప్రోగ్రామర్ ఒక్కరు చాలు.

ఇట్లు,
నిఘంటు పనిలో ఉన్న కొందరు